బాల్ జాయింట్ మార్చడానికి: కొట్టాలా, లాగాలా, నొక్కాలా?

సొంత కారుకు 15 ఏళ్లు నిండి, రిజిస్ట్రేషన్‌ను మరో 5 ఏళ్లకు పొడిగించుకోవడానికి బయలుదేరినప్పుడు చాలామందికి తమ బండి అడుగున ఏ స్థితి ఉందో మొదటిసారి తెలుస్తుంది. మెకానిక్ ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి, టైరు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపి, "బాల్ జాయింట్‌లో ప్లే వచ్చింది" అంటాడు, అంటే చక్రాన్ని పట్టుకునే నకిల్‌కూ, దాన్ని బండికి కలిపే ఆర్మ్‌కూ మధ్య ఉండే గుండు కీలు అరిగి వదులైందని. ఆ మాట వినగానే, పనిని సొంతంగా చేసుకునే అలవాటున్న వారు ఏ కిట్ కొనాలని వెతకడం మొదలుపెడతారు. ప్రశ్న అక్కడే తలకిందులవుతుంది. బాల్ జాయింట్ అన్న పేరు ఒకటే అయినా దాన్ని బండికి బిగించిన పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. పద్ధతిని బట్టి పనిముట్టు మారుతుంది. వేలు పోసి కొన్న ప్రెస్ కిట్ పెట్టె కూడా విప్పకుండా అటక మీద ఉండిపోయిన ఇళ్లు నాకు తెలుసు, ఎందుకంటే ఆ బండికి కావలసినవి రెండు రింగు పానాలు, ఒక గడ్డపార మాత్రమే.

కొనే ముందు బండి కింద చూడవలసినవి

మొదట, లోపం నిజంగా బాల్ జాయింట్‌దేనా అన్నది తేల్చుకోవాలి. చక్రం ఊపినప్పుడు వచ్చే ఆట వీల్ బేరింగ్‌ది కూడా కావచ్చు. ఒకరు బ్రేక్ తొక్కి ఉంచగా మరొకరు చక్రాన్ని మళ్లీ ఊపాలి. బ్రేక్ తొక్కగానే ఆట మాయమైతే బేరింగ్‌ను అనుమానించాలి, ఆట అలాగే ఉంటే జాయింట్లను చూడాలి. ఎత్తే చోటు కూడా ముఖ్యమే. స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఒకే కంబంగా ఉండే మాక్‌ఫర్సన్ స్ట్రట్ రకం చిన్న కార్లలో చక్రం గాలిలో వేలాడేలా ఎత్తి, గడ్డపారతో ఆర్మ్‌ను మెల్లగా తోసి చూస్తే సరిపోతుంది. పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లుండే క్వాలిస్ వంటి డబుల్ విష్‌బోన్ బండ్లలో, స్ప్రింగ్ బరువు కింది ఆర్మ్ మీద ఉన్నప్పుడు, జాకీని ఆ ఆర్మ్ కిందే, జాయింట్‌కు వీలైనంత దగ్గరగా పెట్టి ఎత్తాలి. ఛాసీ కింద పెట్టి ఎత్తితే స్ప్రింగ్ ఒత్తిడి జాయింట్‌ను బిగబట్టి ఉంచుతుంది కాబట్టి పూర్తిగా అరిగిన జాయింట్ కూడా కొత్తదానిలా కనిపిస్తుంది.

రెండవది, జాయింట్ తోక, అంటే స్టడ్, నకిల్‌లో ఎలా నిలిచి ఉందన్నది. ఇక్కడ రెండు రకాలు. ఒక రకంలో స్టడ్ ఏటవాలుగా, పైకి సన్నబడుతూ ఉండి, అదే ఆకారపు రంధ్రంలో పైన గాళ్లున్న కాజిల్ నట్‌తోనో నైలాన్ నట్‌తోనో బిగిసి ఉంటుంది. నట్టు విప్పినా ఆ టేపర్ తనంత తాను వదలదు. రెండో రకంలో స్టడ్ గుండ్రంగా నిలువుగా ఉండి, నకిల్‌కు ఉన్న చీలికను ఒక అడ్డ బోల్టు నొక్కి పట్టుకుంటుంది. సుజుకి కుటుంబపు చాలా చిన్న కార్లలో కనిపించేది ఇదే. ఈ బోల్టు స్టడ్‌కు ఉన్న గాడిలోంచి వెళుతుంది కాబట్టి దాన్ని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. ఆ ఒక్క సంగతి తెలియక గంటసేపు సుత్తితో నకిల్‌ను బాదేవారు ఉంటారు.

మూడవది, జాయింట్ ఒళ్లు ఆర్మ్‌కు ఎలా అతికి ఉందన్నది. కొన్ని బండ్లలో రెండు మూడు బోల్టులతో బిగించి ఉంటుంది. కొన్నిట్లో ఫ్యాక్టరీ నుంచి రివెట్లు కొట్టి వస్తుంది, మార్చేటప్పుడు రివెట్ల తలలు గ్రైండర్‌తో అరగదీసి కొత్తదాన్ని బోల్టులతో బిగిస్తారు. కొన్నిట్లో జాయింట్‌ను ఆర్మ్ రంధ్రంలోకి బలంగా నొక్కి, పైన సర్‌క్లిప్ అనే లాక్ రింగు వేస్తారు. ఇంకొన్నిట్లో ఆర్మ్, జాయింట్ ఒకే భాగం. అప్పుడు కంపెనీ ఆర్మ్‌తో సహా మార్చమనే చెబుతుంది.

కనుక బాల్ జాయింట్ మార్చడమంటే రెండు వేర్వేరు పనులు: స్టడ్‌ను నకిల్ నుంచి విడదీయడం, ఒంటిని ఆర్మ్ నుంచి తీయడం. మొదటి పనికి వాడే పనిముట్టు రెండో పనికి పనికిరాదు. కింద చెప్పే ప్రతి పనిముట్టునూ ఈ దృష్టితోనే చూశాను: ఏ పనికి వస్తుంది, జాయింట్ గ్రీజును కాపాడే రబ్బరు బూటును బతకనిస్తుందా, చేతికి ఎంత చోటు కావాలి, తేడా వస్తే నష్టం ఎంత.

కొట్టేవి: సుత్తులు, ఫోర్క్

రెండు సుత్తుల పద్ధతి పాతది, ఖర్చు లేనిది. నకిల్‌లో స్టడ్ కూర్చున్న కన్నుకు ఒక పక్క బరువైన సుత్తిని ఆనించి పట్టుకుని, ఎదురు పక్క నుంచి మరో సుత్తితో గట్టిగా రెండు మూడు దెబ్బలు వేస్తే, ఆ కన్ను క్షణకాలం కోడిగుడ్డు ఆకారంలోకి సాగి టేపర్‌ను వదిలేస్తుంది. దెబ్బ కన్ను పక్కన పడాలి. స్టడ్ కొన మీద కొడితే మర చితికిపోయి నట్టు ఇక ఎక్కదు. బూటుకు ఏమీ కాదు కాబట్టి మళ్లీ వాడుకోవలసిన జాయింట్‌కు కూడా ఇది మంచి పద్ధతే. అయితే సుత్తి ఊపడానికి చోటుండాలి, చెయ్యి కుదిరినవాడై ఉండాలి, నకిల్ ఇనుముదై ఉండాలి. అల్యూమినియం నకిల్ మీద ఈ పద్ధతిని తలపెట్టకూడదు.

ఫోర్క్ రెండు కొమ్ముల ఉలి. దాన్ని బూటుకూ నకిల్‌కూ మధ్య దూర్చి వెనక నుంచి కొడితే మేకు చీల్చినట్టు రెండింటినీ విడగొడుతుంది. సాధారణంగా టై రాడ్ ఎండ్‌కు (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు), బాల్ జాయింట్‌కు, పిట్‌మన్ ఆర్మ్‌కు (స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే ఆర్మ్) అని మూడు కొలతల్లో సెట్టుగా దొరుకుతుంది, ధర కొన్ని వందల్లోనే ఉంటుంది. పని వేగంగా అవుతుంది, తుప్పు పట్టి మొండికేసిన జాయింట్ కూడా దీనికి లొంగుతుంది. కాని బూటు చిరగకుండా ఫోర్క్ దిగడం దాదాపు జరగదు. నా సొంత మారుతి 800లో కింది ఆర్మ్ పని చేస్తూ, దారికి అడ్డంగా ఉందని బాగానే ఉన్న టై రాడ్ ఎండ్‌ను ఫోర్క్‌తో తీశాను. బూటు అంచున గోరంత చీలిక పడింది, గ్రీజు కొంచెమే బయటికి వచ్చింది, తుడిచి బిగించేశాను. ఆ వానాకాలం గడిచేసరికి లోపలి గ్రీజు బురద రంగు ముద్దగా మారి, వేళ్ల మధ్య రాస్తే ఇసుక గరగరలాడింది. బాగున్న భాగాన్ని నా చేత్తో నేనే చంపాను. అందువల్ల పారేయబోయే జాయింట్‌కు తప్ప ఫోర్క్ వాడవద్దని నేను చెబుతాను. పారేసేదే అయితే మాత్రం అంత చౌకలో అంత పని చేసేది మరొకటి లేదు.

లాగేది: స్క్రూ పుల్లర్

గ్యారేజీల్లో దీన్ని పుల్లర్ అనే అంటారు గాని, నిజానికి ఇది స్టడ్ కొనను తోస్తుంది. కత్తెరలాంటి రెండు దవడలు ఉంటాయి. చీలిక ఉన్న దవడ నకిల్ కన్ను కింద, బూటు మీదుగా దూరుతుంది, రెండో దవడ స్టడ్ కొన మీద ఆనుతుంది. వెనక ఉన్న బోల్టును పానాతో తిప్పుతున్న కొద్దీ దవడలు నొక్కుకుని స్టడ్‌ను టేపర్ నుంచి నెట్టేస్తాయి.

దీన్ని వాడడంలో ఒక కిటుకుంది. నట్టు తిరగకుండా ఆపే స్ప్లిట్ పిన్ను తీసి, నట్టును స్టడ్ కొనకు సమానంగా వచ్చేంతవరకే విప్పి అక్కడే ఉంచాలి. అలా ఉంచితే మర చెడదు, టేపర్ వదిలిన క్షణంలో ఆర్మ్ ఊడి కిందపడదు. పుల్లర్ బోల్టు ఇక తిరగనని మొరాయించే దాకా బిగించి, ఆగి, నకిల్ కన్ను పక్కన చిన్న సుత్తితో ఒక్కటి తట్టాలి. తుపాకీ పేలినట్టు "టప్" మని చప్పుడై టేపర్ వదులుతుంది. మొదటిసారి వినేవారు ఏదో విరిగిందనుకుని ఉలిక్కిపడతారు. తట్టకుండా కేవలం బలంతోనే బోల్టు తిప్పుకుంటూ పోయేవారి చేతుల్లోనే పుల్లర్ దవడలు విరుగుతుంటాయి.

కొనేటప్పుడు చూడవలసినవి రెండే. పోత పోసిన దవడ కాక, కాల్చి సాగగొట్టిన (ఫోర్జ్‌డ్) ఉక్కు దవడ ఉన్నది తీసుకోవాలి. చీలిక వెడల్పు, దవడలు తెరుచుకునే ఎత్తు మన జాయింట్‌కు సరిపోతాయో లేదో స్కేలుతో కొలుచుకుని వెళ్లాలి, ఎందుకంటే టై రాడ్ ఎండ్ కోసం చేసిన చిన్న పుల్లర్ సుమో కింది జాయింట్ చుట్టూ దూరదు. విడదీసే పనిముట్లలో ఒక్కటే కొనగలిగితే నా ఓటు దీనికే. బాల్ జాయింట్ జీవితంలో ఒకటి రెండు సార్లు మార్చినా, టై రాడ్ ఎండ్ ఏ పనికైనా విప్పవలసి వస్తూనే ఉంటుంది, అక్కడంతా ఇదే పనికొస్తుంది.

నొక్కేవి: సీ-ఫ్రేమ్ కిట్, హైడ్రాలిక్ ప్రెస్

ఆర్మ్‌లోకి నొక్కి బిగించిన జాయింట్ అయితేనే ఈ భాగం మీకు అవసరం.

సీ-ఫ్రేమ్ కిట్ పెద్ద సి-క్లాంపు ఆకారంలో ఉంటుంది. దానితో పాటు రకరకాల కొలతల గొట్టాలు, గిన్నెలు వస్తాయి. పాత జాయింట్ బయటికి రావలసిన వైపు గొట్టం, తోయవలసిన వైపు గిన్నె పెట్టి, స్క్రూ బిగిస్తే జాయింట్ గొట్టంలోకి జారుతుంది. ఆర్మ్‌ను బండి నుంచి విప్పకుండానే చేయగలగడం దీని పెద్ద సౌకర్యం. ధర కొన్ని వేలల్లో ఉంటుంది, ఇక్కడ చౌకకూ మంచికీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. నాసిరకం ఫ్రేమ్ బలం పడగానే నోరు తెరుచుకుంటుంది. నోరు తెరుచుకున్నప్పుడు స్క్రూ ఓరగా ఒరుగుతుంది, స్క్రూ ఒరిగితే కొత్త జాయింట్ వంకరగా దిగి ఆర్మ్ రంధ్రాన్ని చెక్కేస్తుంది. తర్వాత ఏ జాయింట్ వేసినా ఆ రంధ్రంలో బిగువు ఉండదు. అంటే చవక కిట్ అసలు ఖరీదు ఒక కొత్త ఆర్మ్.

వాడే విధానంలోనూ ఓపిక కావాలి. సర్‌క్లిప్ తీశాక రంధ్రం చుట్టూ తుప్పును వైరు బ్రష్‌తో గోకి, తుప్పు వదిలించే నూనె ముందు రోజు రాత్రే పోసి ఉంచడం మంచిది. స్క్రూ మరకు గ్రీజు రాయాలి. కిట్ తయారీదారు ఒప్పుకుంటే తప్ప ఇంపాక్ట్ గన్‌తో తిప్పకూడదు, పొడుగు హ్యాండిల్‌తో చేత్తోనే తిప్పాలి. బిగుసుకుపోతే మరింత బలం వేయకుండా రంధ్రం అంచు దగ్గర ఆర్మ్ మీద సుత్తితో తట్టాలి. కొత్తది నొక్కేటప్పుడు గిన్నె జాయింట్ ఒంటి అంచు మీదే ఆనాలి. నడుమనున్న మూత మీదో స్టడ్ మీదో బరువు పడితే లోపలి గుండు కూర్చునే ప్లాస్టిక్ గిన్నె నలిగి, కొత్త జాయింట్ బండెక్కకముందే పాతదవుతుంది.

హైడ్రాలిక్ ప్రెస్ మన ఊళ్లలో లేత్ షాపుల్లో, 10 నుంచి 20 టన్నుల రకం, సాధారణంగా ఉంటుంది. ఆర్మ్ విప్పి తీసుకెళ్లాలి, అదే దీనిలోని కష్టం. మిగిలినదంతా లాభమే. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఈ పని చేస్తుంటే దగ్గర నిలబడి చూశాను. ఆయన ముందు కొత్త జాయింట్ ఒంటిని వెర్నియర్‌తో కొలిచారు, తర్వాత ఆర్మ్ రంధ్రాన్ని కొలిచారు. మూల నుంచి ఒక మందపాటి పైపు ముక్క తెచ్చి, దాని మూతిని లేత్ మీద సమంగా చెక్కి, సరిగ్గా రంధ్రం కింద ఆనేలా పెట్టారు. అంతకు పది నిమిషాలు పట్టింది, నొక్కడానికి పది సెకన్లు. ఆ పైపు ఆసరా లేకుండా ఆర్మ్ చివరలు మాత్రమే ఆనించి నొక్కితే రేకు ఆర్మ్ వంగిపోతుంది. మీరు వెళ్లిన షాపులో ఆసరా గురించి ఆలోచించకుండా ప్రెస్ పిడి ఊపడం మొదలుపెడితే ఆర్మ్ వెనక్కి తీసుకుని వచ్చేయండి.

ఇంకొక హెచ్చరిక. పాత రంధ్రం అరిగి కొత్త జాయింట్ చేతి బలానికే దిగిపోతే, కొందరు అంచున రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టి పంపేస్తారు. ఆ వేడికి లోపలి ప్లాస్టిక్, గ్రీజు, బూటు దెబ్బతింటాయి, పట్టు కూడా నమ్మదగింది కాదు. అటువంటి ఆర్మ్‌ను మార్చడమే దారి.

ఒక్క చూపులో

| పనిముట్టు | ఏ పనికి | బూటు సంగతి | ఖర్చు | ప్రధాన ప్రమాదం |
|---|---|---|---|---|
| రెండు సుత్తులు | టేపర్ విడదీయడానికి | దెబ్బతినదు | దాదాపు లేదు | గురి తప్పితే మర చితకడం |
| ఫోర్క్ | టేపర్ విడదీయడానికి | చిరుగుతుంది | కొన్ని వందలు | మంచి జాయింట్ పాడవడం |
| స్క్రూ పుల్లర్ | టేపర్ విడదీయడానికి | సాధారణంగా నిలుస్తుంది | ఫోర్క్ కంటే ఎక్కువ, కిట్ కంటే తక్కువ | దవడ విరగడం |
| సీ-ఫ్రేమ్ కిట్ | ఒంటిని తీసి, వేయడానికి | గొట్టం సరైనదైతే నిలుస్తుంది | కొన్ని వేలు | వంకరగా దిగడం |
| లేత్ షాపు ప్రెస్ | ఒంటిని తీసి, వేయడానికి | నిలుస్తుంది | కూలి మాత్రమే | ఆసరా లేక ఆర్మ్ వంగడం |
| ఆర్మ్ మొత్తం మార్పు | ఒంటిని తీసే పనే ఉండదు | కొత్తదే వస్తుంది | ఆర్మ్ ధర | నాణ్యత లేని నకిలీ భాగం |

ఎవరికి ఏది

ఒక్క పాత చిన్న కారున్నవారు, అందులోనూ అడ్డ బోల్టు రకం నకిల్ ఉన్నవారు, ఏ ప్రత్యేక పనిముట్టూ కొననవసరం లేదు. బోల్టు తీసి, చీలికలో చిన్న ఉలి మొనను ఆనించి వెంట్రుకవాసి తెరిచి, ఆర్మ్ మీద గడ్డపార వేసి కిందికి నొక్కితే స్టడ్ ఊడి వస్తుంది. చీలికను మరీ తెరిస్తే నకిల్ పగులుతుంది కాబట్టి ఉలిని సమ్మెటతో దించకూడదు. వీరు ఆర్మ్ మొత్తం మార్చుకుంటే కొత్త జాయింట్‌తో పాటు, ఆర్మ్ బండికి బిగిసే చోట ఉండే రబ్బరు బుష్షులు కూడా కొత్తవి వస్తాయి. పదిహేనేళ్ల బండికి బుష్షులు ఎలాగూ అరిగే ఉంటాయి. విడి జాయింట్ చౌక అని దానికే పోయేవారు, ఆరు నెలలకు బుష్షుల కోసం అదే ఆర్మ్‌ను మళ్లీ విప్పుతారు.

సుమో, క్వాలిస్ వంటి బండిని అద్దెకు తిప్పుకునేవారి లెక్క వేరు. పల్లె రోడ్ల మీద బరువుతో తిరిగే బండికి నాలుగు జాయింట్లు, పైన రెండు కింద రెండు, వంతులవారీగా పోతుంటాయి. వీరు మంచి పుల్లర్ ఒకటి బండిలోనే ఉంచుకుని, నొక్కే పని ఉంటే లేత్ షాపుకు వెళ్లడం లాభం. ఈ బండ్లలో స్ప్రింగో టార్షన్ బారో ఆర్మ్ మీద బలంగా నొక్కుతూ ఉంటుందని మరవకూడదు. జాకీతో ఆర్మ్‌కు ఆసరా ఇవ్వకుండా స్టడ్ విడదీస్తే ఆర్మ్ విదిలించుకుని వచ్చే దెబ్బకు చెయ్యి పోతుంది. మహీంద్రా తొలినాటి జీపులు ఉన్నవారు మాత్రం ఈ గొడవలో లేరు. వాటి ముందు యాక్సిల్‌కు బాల్ జాయింట్లు కాక కింగ్ పిన్నులు ఉంటాయి, టై రాడ్ ఎండ్ల కోసం చిన్న పుల్లర్ ఒక్కటి చాలు.

చిన్న గ్యారేజీ పెట్టుకున్నవారికి రెండు కొలతల పుల్లర్లు, ఒక ఫోర్క్ సెట్టు తప్పనిసరి. సీ-ఫ్రేమ్ కిట్ కొనాలా అన్నది నెలకు ఎన్ని నొక్కుడు జాయింట్లు వస్తున్నాయో లెక్క చూసుకుని తేల్చుకోవలసిన విషయం. లేత్ షాపు పక్క వీధిలో ఉంటే తొందరపడనవసరం లేదు. అది నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటే మంచి కిట్ త్వరగానే తన డబ్బు తాను తెచ్చుకుంటుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి చోట్ల పనిముట్ల దుకాణాలకు మీ పాత జాయింట్‌ను వెంట తీసుకెళ్లి, గొట్టాలు సరిపోతున్నాయో లేదో అక్కడికక్కడే పెట్టి చూడండి.

అమెరికాలో ఉన్న మనవారికి పరిస్థితి మరోలా ఉంటుంది. అక్కడ కూలి చాలా ఎక్కువ, మంచు రోజుల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల తుప్పు భయంకరం, పైగా 1997 నుంచి 2006 దాకా వచ్చిన టీజే రకం జీప్ రాంగ్లర్ వంటి బండ్ల ముందు యాక్సిల్‌లో నొక్కి బిగించిన జాయింట్లే ఉంటాయి. ఆటోజోన్, ఓ'రైలీ వంటి దుకాణాలు సీ-ఫ్రేమ్ కిట్‌ను డిపాజిట్ మీద ఇచ్చి, తిరిగి ఇస్తే సొమ్ము వాపసు చేస్తాయి కాబట్టి వారు కొనడం దండగ. తీసుకునేటప్పుడు పెట్టె తెరిచి, స్క్రూ వంగిందేమో, గొట్టాలన్నీ ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి.

ఏ దారి ఎంచుకున్నా తప్పనివి

పుల్లర్ కంటే ముందు డబ్బు పెట్టవలసింది రెండు గట్టి జాక్ స్టాండ్ల మీద. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కింద సుత్తి పని చేయకూడదు, ఇటుకల దొంతర మీద అసలే వద్దు. కళ్లకు అద్దాలు కావాలి, ఎందుకంటే తుప్పు పెచ్చులు సూటిగా మొహం మీదికే రాలుతాయి. గ్యాస్ మంటతో నకిల్‌ను కాల్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది, దాన్ని దగ్గరికి రానివ్వకండి.

తర్వాతిది టార్క్ రెంచ్, అంటే నట్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా. సుమారు 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల దాకా చూపే అరంగుళం రెంచ్ ఈ పనికి సరిపోతుంది. పాత మాన్యువల్‌లో లెక్క కిలోగ్రాం మీటర్లలో ఉంటే 9.8తో గుణించుకోవాలి. టేపర్‌ను, అది కూర్చునే రంధ్రాన్ని బట్టతో శుభ్రంగా తుడిచి పొడిగా బిగించాలి, అక్కడ గ్రీజు రాయకూడదు. చెప్పిన టార్క్‌కు బిగించాక కాజిల్ నట్ గాడి స్ప్లిట్ పిన్ను రంధ్రానికి ఎదురుగా రాకపోతే నట్టును ఇంకొంచెం ముందుకే తిప్పాలి, వెనక్కి వదలకూడదు. స్ప్లిట్ పిన్ను కొత్తది వేయాలి, నైలాన్ నట్ అయితే అది కూడా కొత్తదే. ఆర్మ్ బుష్షుల బోల్టులు విప్పి ఉంటే, చక్రాలు నేల మీద ఆని బండి తన బరువు మీద తాను నిలబడ్డాకే వాటిని చివరి బిగింపు బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే కొత్త బుష్షు రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఆ రోజే వీల్ అలైన్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు, నట్టు మీది నుంచి స్టడ్ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఉంచండి. వారం తర్వాత టైరు పక్కన వంగి చూస్తే ఆ గీత తెగిందో లేదో పానా పట్టకుండానే తెలుస్తుంది.